దొరసాని పుట్టిల్లు

మంగళగిరి బస్టాండు ఎదురుగా ఒకప్పుడు జట్కా బళ్ళు బారులు తీరి ఉండేవి. రెండువేల సంవత్సరం వచ్చేసరికి ఆ జాగానంతా ఆటోలు ఆక్రమించుకుని, ఓ మూల ఒకే ఒక్క జట్కా మిగిలింది. దాని యజమాని పానకాలు. ఆయన్ని చూసి జాలిపడబోయిన వాళ్ళెవరూ బాగుపడలేదు. "పాపం, ఇంకా బండే తోలుతున్నావా?" అని ఎవరైనా అంటే, "పాపం, నువ్వింకా మామగారు పెట్టిన వాచీయే కట్టుకుంటున్నావా?" అని ఎదురు పరామర్శ చేసి పంపేవాడు.

పుట్టింది మగ్గాల ఇంట్లో. తాత నేశాడు, తండ్రి నేశాడు, అన్నదమ్ములు నేశారు. పానకాలుని కూడా చిన్నప్పుడే మగ్గం గుంటలో కూర్చోబెట్టారు. పోగుల మధ్య నాడె విసరడం తొందరగానే వచ్చింది గాని కూర్చోవడమే ఎంతకీ రాలేదు. గంటకి నాలుగుసార్లు లేచి వీధిలోకి పోయి, వచ్చే బండినీ పోయే బండినీ చూసొచ్చేవాడు. "వీడి పిర్రల కింద చక్రాలున్నాయి, వీడు చీర నేస్తే అది కట్టుకున్న మనిషి కూడా ఇంటి పట్టున ఉండదు" అని తండ్రి చేతులెత్తేశాడు. అలా పానకాలు జట్కాకెక్కాడు. నాంచారమ్మని పెళ్ళి చేసుకున్నాడు, కూతురు సాయిలక్ష్మిని పెంచి చినకాకాని అత్తారింటికి పంపించాడు, జుట్టు నెరిపించుకున్నాడు. అన్నీ ఆ బండి మీదే జరిగాయి.

ఆయనకి రెండు పట్టింపులు ఉండేవి. ప్రాణం పోయినా ఆటో ఎక్కకూడదన్నది ఒకటి. మాట ఇస్తే తప్పకూడదన్నది రెండోది. మొదటి దానికి ఊరంతా సాక్షి. శివనాగరాజు అనే కుర్ర ఆటోవాడు రోజూ పనిగట్టుకుని పక్కన ఆపి, "ఎక్కు బాబాయ్, ఊరికే దింపుతా" అనేవాడు. "నేనెక్కే రోజున నీ ఆటోకి మేత పెట్టి తీసుకురారా" అని ఈయన తరిమేవాడు. రెండో పట్టింపుకి మాత్రం అప్పటిదాకా పరీక్ష రాలేదు.

ఆ పరీక్ష దొరసాని రూపంలో వచ్చింది. దొరసాని అంటే పానకాలు గుర్రం. తెల్లటి ఆడ గుర్రం, నుదుటి మీద గోధుమరంగు మచ్చ. తనకి నడవాలనిపించినప్పుడే నడిచేది, మనిషిని ముందు చూసి తరవాత బండి లాగేది. దాన్ని చీరాల స్టేషన్ దగ్గర జట్కా తోలే అబ్దుల్ ఖాదర్ దగ్గర కొన్నాడు. ఖాదర్‌కి మోకాళ్ళు అరిగిపోయి బండి మానేస్తున్న రోజులవి. ధర బాగా తగ్గించాడు గాని పగ్గం చేతికిచ్చే ముందు ఒక మాట అడిగాడు.

"పానకాలూ, దీని అమ్మ మా నాయన తోలిన గుర్రం. ఈ వరస మా ఇంట్లో పుట్టింది. రేపు దీనికి తొలి పిల్ల పుడితే అది నాది. ఒప్పుకుంటేనే పగ్గం ఇస్తా."

ఆ చుట్టుపక్కల పల్లెల్లో గేదెల్ని పెంపకానికి పాలుకి ఇచ్చేటప్పుడు ఇలాంటి మాటలు మామూలే. పానకాలు గుర్రం వీపు మీద చెయ్యేసి, "ఇచ్చా పో" అన్నాడు. పొద్దస్తమానం బండికి కట్టేసి ఉండే జట్కా గుర్రానికి మొగుడెక్కణ్ణుంచి దొరుకుతాడని ఆయన ధైర్యం. ఇంటికొచ్చి నాంచారమ్మతో, తన తెలివి వల్లే గుర్రం చవగ్గా వచ్చిందని చెప్పాడు. షరతు సంగతి చెప్పలేదు.

ఆ మొగుడు వైశాఖమాసంలో ఒక పెళ్ళిలో దొరికాడు. బట్టల వ్యాపారి ఇంటి పెళ్ళి. పెళ్ళికొడుకు ఊరేగడానికి గుంటూరు నుంచి మగ గుర్రాన్ని తెప్పించారు. దాని నెత్తిన కుచ్చు, ఒంటి మీద జరీ గుడ్డ, పెళ్ళికొడుకు కంటే అదే కళగా ఉంది. చుట్టాలని దింపిన పానకాలు, దొరసానిని బండి నుంచి విప్పి మండపం వెనక కట్టేసి, పంక్తిలో కూర్చున్నాడు. పూర్ణాలు రెండో విడత వస్తుండగా బయట కేకలు లేచాయి. పెళ్ళికొడుకు అప్పటికే దిగిపోయాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే పీటల మీద కూర్చోవడానికి మనిషి మిగిలేవాడు కాదు. బ్యాండు వాళ్ళు మాత్రం ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని వాయిస్తూనే ఉన్నారు. పానకాలు చేతిలో పూర్ణంతో పరిగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. దొరసాని ఏమీ ఎరగనట్టు గడ్డి నములుతోంది.

ఇంటికొచ్చి చెబితే నాంచారమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "పెళ్ళి వాళ్ళింట్లో, శోభనం మన గుర్రానికా!"

దసరా నాటికి ఆ నవ్వు కాస్తా దొరసాని పొట్టలో కనబడసాగింది. ముందు మేత ఎక్కువైందనుకున్నారు. తరవాత దాని కోపం ఎక్కువైంది, ఎక్కే బేరాన్ని కొరకబోయేది. పానకాలు దాన్ని పశువుల ఆసుపత్రికి నడిపించుకెళ్ళాడు. అక్కడ డాక్టరు కోటేశ్వరి గారు కొత్తగా వచ్చిన మనిషి. గేదెలూ మేకలూ తప్ప గుర్రాన్ని చూడటం తనకిదే మొదటిసారని ముందే చెప్పేసి, భుజం దాకా తొడుగు వేసుకుని పరీక్ష చేసింది.

"చూడి కట్టిందండీ. మనిషికి తొమ్మిది, గేదెకి పది, గుర్రానికి పదకొండు నెలలు. అది గుర్తుపెట్టుకోండి" అంది. ఇంకా చాలా చెప్పింది. తేలిక పని చేయించవచ్చు, అసలు నడవకుండా కట్టేయకూడదు. ఉలవలు కుక్కి కుక్కి పెట్టి లావెక్కించకూడదు, పచ్చిగడ్డి బాగా వెయ్యాలి, బూజు పట్టిన మేత దగ్గరికి రానివ్వకూడదు. చివరి రెండు నెలలు బండికి కట్టకూడదు. రొమ్ముల కొసన మైనంలాంటి చుక్కలు కనబడితే ఈనే రోజు దగ్గరపడ్డట్టు. అప్పుడు గుంపు చేరకూడదు. "ముఖ్యంగా మావి. గేదెకైతే మర్నాటిదాకా ఆగుతారు మీరంతా. గుర్రానికి ఆగకూడదు. ఈనిన మూడు గంటల్లో పడకపోతే, ఏ బండి దొరికితే ఆ బండెక్కి నా దగ్గరికి రావాలి."

పానకాలు అన్నిటికీ తలూపాడు. ఆయన చెవిలో పడింది మాత్రం ఒక్కటే, దొరసాని కడుపుతో ఉంది. ఆసుపత్రి గేటు దాటేదాకా ఒళ్ళు తేలిపోయింది. గేటు దాటాక ఖాదర్ గుర్తొచ్చాడు.

అప్పట్నుంచి ఆయనకి నిద్ర కరువైంది. దొరసానికి వయసు మీద పడుతోంది. అది ఆగిపోతే ఇంకో గుర్రం కొందామన్నా ఆ చుట్టుపక్కల అమ్మేవాడు లేడు. ఈ పిల్ల ఉంటే బండి ఉంటుంది, బండి ఉంటే పానకాలు ఉంటాడు. అది పైకి చెప్పుకునే లెక్క. లోపలి సంగతి ఏమిటంటే, ఆయన అప్పటికే ఆ పిల్లని ప్రేమించేశాడు. తెల్లారగానే దొరసాని డొక్కకి చెవి ఆనించి, "ఏరా, లేచావా?" అని పలకరించేవాడు. లోపల్నుంచి తన్ను తగిలితే ఆ పూటంతా ఎవర్నీ తిట్టేవాడు కాదు.

పిల్లని వదులుకోలేడు, ఇచ్చిన మాట కాదనలేడు. అందుకని మధ్యేమార్గంగా అబద్ధం ఆడాడు. గుర్రానికి ఉబ్బరం అని ఊరంతా చాటాడు. చీరాల వైపు పోయే చీరల వ్యాపారులకైతే అడక్కుండానే చెప్పేవాడు. "ఉబ్బరమండీ. వాము నీళ్ళు పడుతున్నాం." నాంచారమ్మ అడిగితే, దిష్టి తగలకుండా అలా చెబుతున్నానన్నాడు. నెలనెలా పెరిగే ఉబ్బరాన్ని జనం వింతగా చూసేవాళ్ళు. పైగా ఆయన చేష్టలు ఆయన మాటని నిలబెట్టేలా లేవు. బండెక్కబోయే మనిషిని ఎగాదిగా చూసి బరువెంతని అడిగేవాడు. కాస్త ఒళ్ళున్నవాళ్ళైతే, "మీరు ఆటోలో వెళ్ళండమ్మా, హాయిగా ఉంటది" అని స్వయంగా శివనాగరాజుకి అప్పగించేవాడు. బక్కపలచని వాళ్ళని ఎక్కించుకున్నా, ఎత్తు వచ్చినచోట దింపి నడిపించేవాడు. తాను అసలు బండెక్కడమే మానేసి పక్కన నడిచేవాడు. కొండకి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన, "మెట్లదాకా నడిచే మొక్కు కూడా తీర్చేశావు నాయనా" అని దండం పెట్టి పోయాడు.

ఇదంతా ఇలా ఉండగా తొమ్మిదో నెల వచ్చింది. నాంచారమ్మకి ఒక ఆలోచనా వచ్చింది.

ఆ వీధి ఆడవాళ్ళకి నూలు కండెలు చుట్టీ చుట్టీ విసుగ్గా ఉంది. "సాయిలక్ష్మికి చలిమిడి పెట్టాను. ఇదీ నా చేతి కింద తిన్నదే. దీనికి పెట్టొద్దూ?" అని నాంచారమ్మ అనడమే ఆలస్యం, నలుగురూ బియ్యం నానబోశారు. అయితే చలిమిడి పెట్టాల్సింది పుట్టింటివాళ్ళు. దొరసానికి పుట్టింటివాళ్ళెవరు? నాంచారమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఎస్టీడీ బూతుకి పోయి చీరాలలో ఖాదర్ ఇంటి పక్క కొట్టుకి ఫోను చేసి, ఆయన్ని పిలిపించి, "అన్నయ్యా, నీ కూతురు నిండు చూలాలు. శుక్రవారం చలిమిడి. మాబూబీ అక్కనీ తీసుకురా" అని చెప్పేసింది. మొగుడికి చెప్పలేదు. చివర్లో చెప్పి సంతోషపెడదామనుకుంది.

శుక్రవారం పొద్దున్నే వీధి చివర ఖాదర్ టోపీ కనబడేసరికి పానకాలు చేతిలో నీళ్ళ బిందె అక్కడే వదిలేశాడు. ఆ వేళ వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పెడుతున్నారు. నూలు పోగుల వరస గోడలా నిలబడి ఉంది. పానకాలు పరుగున పోయి దొరసానిని దాని వెనక్కి తోశాడు. పోగుల పైన తెల్లటి తలకాయ, పోగుల కింద నాలుగు కాళ్ళు, మధ్యలో పడుగుని ముందుకి తోసుకొచ్చిన పొట్ట. గంజి పెడుతున్నవాళ్ళు పోగులు తెగుతాయని లబలబలాడారు.

ఖాదర్ కుంటుకుంటూ వచ్చి, పడుగు వెనక్కి వెళ్ళి, దొరసాని పొట్ట మీద చెయ్యి పెట్టాడు. అది ఆయన భుజాన్ని మూతితో నెట్టింది.

"ఉబ్బరం బాగానే తంతోందే పానకాలూ" అన్నాడు.

మాబూబీ సంచిలోంచి గాజుల దండ తీసింది. ఎర్రగాజులూ పచ్చగాజులూ తాడుకి గుచ్చి తెచ్చింది. దొరసాని మెడలో వేస్తే గలగలమంది. ఆడవాళ్ళు బొట్టు పెట్టారు, పాట పాడారు. నాంచారమ్మ కొబ్బరికాయంత చలిమిడి ముద్ద పట్టుకొస్తే ఖాదర్ అడ్డం పడ్డాడు. "అమ్మో, అంత పెడితే కడుపునొప్పితో పోతది. నిమ్మకాయంత చాలు. మిగతాది దాని తండ్రికి పెట్టండి" అని తన చెయ్యి చాపాడు. ఆ మాటకి అంతా నవ్వారు, పానకాలు తప్ప.

భోజనాలయ్యాక ఖాదర్ నెమ్మదిగా అడిగాడు. "మాట గుర్తుందిగా?"

"ఏ మాట?" అన్నాడు పానకాలు. అన్నాక తన నోరు తనకే చేదెక్కింది.

ఖాదర్ కోప్పడలేదు. నాంచారమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాడు. నాంచారమ్మ ముందు మొగుడి వైపు తిరిగి, తెలివి తక్కువ దద్దమ్మ దగ్గర మొదలుపెట్టి ఏడు తరాల దాకా వెళ్ళి వచ్చింది. ఆ పని పూర్తిచేసుకుని ఖాదర్ వైపు తిరిగింది.

"సరే అన్నయ్యా. మాటిచ్చాడు, కాదనను. కానీ ఇవాళ నువ్వు పుట్టింటివాడివై చలిమిడి పెట్టావు. పుట్టింటివాడు మనవడికి పెట్టుపోతలు జరపాలి గాని పట్టుకుపోతాడా? యాడన్నా ఉందా?"

వీధి ఆడవాళ్ళు "అదీ, అట్టా అడుగు" అన్నారు. పానకాలుకి ప్రాణం లేచొచ్చింది. పెళ్ళాం ఇంత అందంగా ఉంటుందని ఆయన గమనించి చాలాకాలమైంది.

ఖాదర్ గడ్డం గోక్కున్నాడు. "నిజమే చెల్లెమ్మా. మరి తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలిగా? మీ సాయిలక్ష్మిని ఇక్కడికే తెచ్చుకున్నారుగా? అయితే నా కూతుర్ని నాతో పంపించు. చీరాల్లో పురుడు పోస్తా."

పుట్టి బుద్ధెరిగాక నాంచారమ్మ వాదన మధ్యలో లేచి గిన్నెలు సర్దడం అదే మొదలు. వీధి ఆడవాళ్ళు ఈసారి ఖాదర్ వైపు తలూపారు, ఎందుకంటే ఆయన అన్నది ధర్మమే. చివరికి పానకాలే డాక్టరమ్మని అడ్డం పెట్టుకున్నాడు. ఈ నెలల్లో లారీ ఎక్కిస్తే కడుపు నిలవదన్నాడు. డాక్టరమ్మ ఆ మాట అన్నదో లేదో గాని, అనేలాగే ఉంటుంది.

"సరే. కూతురు రాలేకపోతే పుట్టిల్లే వస్తది. చుక్కలు కనపడగానే కబురు చెయ్యండి" అని చెప్పి ఖాదర్ బస్సెక్కాడు.

పది నెలలు నిండాయి. గేదెల లెక్క కట్టే వీధివాళ్ళంతా వచ్చి, పిల్ల లోపలే పోయిందని తేల్చారు. పానకాలు డాక్టరమ్మ చెప్పిన పదకొండు నెలల లెక్క గుర్తుచేసుకుని, పైకి వాళ్ళని తిట్టి, వాళ్ళు పోగానే దొరసాని దగ్గరికి పరిగెత్తాడు. డొక్కకి చెవి పెడితే తన్ను తగులుతూనే ఉంది. మిరపకాయల లారీలు గుంటూరు యార్డుకి బారులు కట్టిన ఎండల్లో, ఒకరోజు రొమ్ముల కొసన మైనం చుక్కలు కనబడ్డాయి. కబురు వెళ్ళింది, ఖాదర్ సంచితో దిగాడు.

గుంపు చేరకూడదన్న డాక్టరమ్మ మాటని వీధి తనకి తోచినట్టు పాటించింది. పది అడుగుల దూరంలో చాపలు పరుచుకుని కూర్చున్నారు. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్నారు, వేరుశనక్కాయలు ఒలుచుకున్నారు. దొరసాని వాళ్ళని చూసేది, వాళ్ళు దొరసానిని చూసేవాళ్ళు. రెండ్రోజులు గడిచినా అది చెమటలు పట్టి అటూ ఇటూ తిరగడం, జనం తలలెత్తగానే మళ్ళీ గడ్డి మొదలుపెట్టడం తప్ప ఏమీ జరగలేదు.

మూడోరోజు మధ్యాహ్నం, పొద్దున్నుంచీ లేని కరెంటు వచ్చింది. ఇళ్ళల్లో ఒక్కసారిగా టీవీలు మోగాయి. అది సీరియల్ వేళ. ముందురోజు కోడలు విషం కలిపిన పాలగ్లాసు అత్త చేతిలో ఉండగా ఆపేశారు. చాపలు చాపల్లాగే ఉన్నాయి, మనుషులు లేరు. నాంచారమ్మ కూడా, "ఇప్పుడే వస్తా" అని పోయింది. మిగిలిన పానకాలుని ఖాదర్ రెక్క పట్టుకుని లేవదీశాడు. "నువ్వూ రా. ఆడమనిషి పురిటికాడ నీకేం పని? టీ తాగొద్దాం."

టీ తాగి తిరిగొచ్చేసరికి దొరసాని నేల మీద పడుకుని ఉంది. దాని వెనక, తడిగా, నల్లగా, కాళ్ళే తప్ప ఇంకేమీ లేనట్టున్న పిల్ల లేవబోయి పడుతూ, పడి లేస్తూ ఉంది. పదకొండు నెలలు కాపలా కాసినవాడు అసలు ఘడియకి టీ తాగుతున్నాడు. పానకాలు నవ్వుతూ ఏడ్చాడు, ఏడుస్తూ ఖాదర్‌ని తిట్టాడు. మగపిల్ల. నుదుటి మీద తల్లి మచ్చే. కాసేపటికి నాలుగు కాళ్ళనీ నాలుగు వైపులా పెట్టి నిలబడి, తడుముకుంటూ పొదుగు అందుకుంది.

సీరియల్ అయిపోయి వీధి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరు ముగ్గురు జున్నుపాల కోసం గ్లాసులు కూడా తెచ్చారు. "గుర్రప్పాల జున్ను తిని యాడికి పరిగెడతారే?" అని నాంచారమ్మ వాళ్ళని వెళ్ళగొట్టింది.

ఆ సంబరంలో మావి సంగతి ఎవరికీ పట్టలేదు. పొద్దు వాలుతున్నప్పుడు ఖాదర్ చూశాడు. అది సగం వేలాడుతూ అలాగే ఉంది. దొరసాని పిల్లని నాకడం మానేసి తల వేలాడేసింది. వీధివాళ్ళు ధైర్యం చెప్పారు, మర్నాటికి అదే పడుతుందని. ఎవరో ఇటుకరాయి కట్టమన్నారు, గేదెలకి అలాగే చేస్తారట. పానకాలు నిజంగానే ఇటుక అందుకున్నాడు. ఖాదర్ ఆ చెయ్యి పట్టుకుని అరిచాడు.

"రాయి కట్టావంటే చస్తది! మా నాయన గుర్రం, దీని అమ్మ, అట్టాగే పోయింది. రాత్రి గడవనిద్దామన్నాం, తెల్లారేసరికి లేదు. డాక్టర్ని తీసుకురా పో!"

ఇటుక చేతిలోంచి జారింది. డాక్టరమ్మ చెప్పిన మూడు గంటలు అప్పుడు గుర్తొచ్చాయి. ఆమె పక్క ఊరు కాజలో గేదెని చూడ్డానికి వెళ్ళిందని ఆసుపత్రి నుంచి తెలిసింది. కాజ దాకా పోవాలి. పానకాలుకున్నది ఒక్క బండి, దానికి ఒక్క గుర్రం, ఆ గుర్రమే రోగి.

బస్టాండు దగ్గర శివనాగరాజు ఆటో తుడుచుకుంటున్నాడు. పానకాలు పరుగెత్తుకొచ్చి, ఒక్క మాట కూడా లేకుండా వెనక సీట్లో కూలబడ్డాడు. ఆటోవాళ్ళంతా ఈల వెయ్యబోయి ఆయన మొహం చూసి ఆగిపోయారు.

"యాడికి బాబాయ్?"

"కాజ. మా దొరసాని చచ్చిపోతందిరా."

శివనాగరాజు ఆ రోజు తోలిన తోలుడికి ఆటో మూడు చక్రాల్లో ఒకటి ఎప్పుడూ గాల్లోనే ఉంది. అయినా పానకాలు వెనకనుంచి అతని భుజం కొడుతూనే ఉన్నాడు. "ఇంతేనా నీ జోరు? దీనికి ఉలవలు పెట్టవా?"

డాక్టరమ్మ అదే ఆటోలో వచ్చింది. ఇంజెక్షన్ చేసింది, సీసా ఎక్కించింది, మళ్ళీ ఇంజెక్షన్ చేసింది. నాంచారమ్మ దీపం ముందు కూర్చుని కొండమీది నరసింహస్వామికి బిందెడు పానకం మొక్కుకుంది. పక్కనే ఖాదర్ అరుగు మీద కళ్ళు మూసుకుని తనదేదో తాను చదువుకున్నాడు. పానకాలుకి ఏదీ తోచక, దొరసాని చెవిలో తనకి తెలిసిన తిట్లన్నీ వరసగా చెప్పాడు. బతికితే ఇంకెప్పుడూ తిట్టనని చివర్లో కలిపాడు. దీపాలు పెట్టిన కాసేపటికి మావి జారి పడింది. డాక్టరమ్మ దాన్ని పట్టా మీద పరిచి, ముక్క లోపల మిగిలిందేమోనని వెతికింది. పానకాలు కూడా వంగి, చీరలో పోగు తప్పిందేమో చూసే మేస్త్రీలాగా అంచు నుంచి అంచు దాకా చూశాడు. ఎక్కడా తెగలేదు. దొరసాని తలెత్తి పిల్లని పిలిచింది.

పానకాలు లేచి ఖాదర్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఖాదర్ భాయ్. ఉబ్బరమని అబద్ధమాడా. సిగ్గులేని పని చేశా. పిల్ల నీదే. మాట మాటే."

ఆ మాట మనసులోంచే వచ్చింది. కాకపోతే ఆ మనసులోనే ఒక మూల ఇంకో పానకాలు కూర్చుని, ఖాదర్ ఇప్పుడు తనని కావలించుకుని "నాకెందుకులే, నువ్వే ఉంచుకో" అంటాడని ఎదురుచూస్తున్నాడు. ఆయన సినిమాలు తక్కువ చూడలేదు. నాంచారమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ మాటకోసమే చూస్తోంది.

ఖాదర్ కళ్ళు తుడుచుకున్నాడు. "సంతోషం పానకాలూ. పాలు మరిచాక వస్తా" అన్నాడు.

అన్నట్టే కార్తీకంలో చిన్న లారీ మాట్లాడుకుని వచ్చాడు. నాంచారమ్మ పిల్ల మెడలో గంట కట్టి, అత్తారింటికి పోయే పిల్లకి పెట్టినట్టు సంచినిండా ఉలవలు పెట్టింది. పానకాలు ఆ పూట బస్టాండు వదిలి రాలేదు. సాయంత్రం ఇంటికొస్తే దొరసాని గుంజ చుట్టూ తిరుగుతూ సకిలిస్తోంది. వారం రోజులు అలాగే సకిలించింది. ఆ వారం వీధిలో ఎవరూ పానకాలుని పలకరించలేదు, పలకరిస్తే కొడతాడేమోనని. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నందుకు గర్వంగా ఉంటుందని పెద్దలు చెబుతారు గాని, ఆయనకి మాత్రం ఒళ్ళు మండిపోయింది, గుండె ఖాళీ అయిపోయింది.

చలికాలం పోయాక నాంచారమ్మే విసిగి, "పోయి చూసిరా. ఇంట్లో ఇద్దరు సకిలిస్తుంటే నేను భరించలేను" అని రైలెక్కించింది.

చీరాల స్టేషన్ బయటికొచ్చి టీ బంకు దగ్గర నిలబడ్డాడో లేదో, వెనకనుంచి ఒక కేక.

"ఒరేయ్ పానకాలూ! అటెందుకు పోతావురా, మొండి వెధవా? చెప్తే వినవు, కొడితే కదలవు!"

పానకాలు ఉలిక్కిపడి తిరిగాడు. ఖాదర్ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో పగ్గం పట్టుకుని, పొడుగు కాళ్ళ గుర్రప్పిల్లకి నడక నేర్పిస్తున్నాడు. అది నాలుగు కాళ్ళూ బిగదన్ని నిలబడి, కదలనంటోంది.

"దానికి ఆ పేరేంది భాయ్?"

ఖాదర్ కాస్త సిగ్గుపడ్డాడు. "మాట మీద నిలబడ్డోడి పేరు పెట్టమంది మాబూబీ. నేనైతే మొండితనం చూసి పెట్టా."

పిల్ల వచ్చి పానకాలు చొక్కా వాసన చూసింది, చంక కింద చూసింది, కండువాలో మూతి దూర్చి అక్కడే ఉండిపోయింది. ఆ చొక్కాకీ కండువాకీ దొరసాని వాసన. పానకాలు కండువాతో దాని మెడా, వీపూ, నుదుటి మచ్చా తుడిచాడు. తుడిచిందే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. ఖాదర్ టీ చెప్పడానికి అటు తిరిగి, కావాలనే ఆలస్యం చేశాడు.

ఇంటికొచ్చేసరికి నాంచారమ్మ గుమ్మంలో ఉంది. "ఎట్టా ఉంది పిల్ల?"

"నా పేరు పెట్టుకున్నారు. పొద్దున లేచిన కాడ్నుంచి నన్ను తిట్టడమే పని వాళ్ళకి" అన్నాడు పానకాలు.

"తిట్టనీ. నేనొక్కదాన్నే ఎంతకని తిడతా" అని నాంచారమ్మ లోపలికి పోయి అన్నం పెట్టింది.

ఆయన అన్నం దగ్గరికి పోలేదు. ముందు గుంజ దగ్గరికి పోయి, కండువా తీసి దొరసాని మూతికి అందించాడు. అది వాసన చూసింది. చెవులు నిక్కబొడుచుకుని వీధి వైపు చూసింది, మళ్ళీ వాసన చూసింది. చాలాసేపు వదల్లేదు. చివరికి పళ్ళతో లాక్కుని సగం నమిలేసింది. మిగిలిన సగాన్నే భుజాన వేసుకుని మర్నాడు పానకాలు బండి కట్టాడు.